ఆలస్యానికి కారణం

మరచిపోవడం మాత్రం కాదు. మరచిపోయిన వస్తువు దొరికితే మనిషి ఉలిక్కిపడతాడు, లేదా నవ్వుకుంటాడు, కనీసం "అరె, ఇక్కడుందా" అనైనా అంటాడు. ఈ ఉదయం నల్ల అట్ట ఫైలులోంచి ఆ కాగితం జారి వంటింటి నేల మీద పడినప్పుడు తను ఆ మూడింటిలో ఏదీ చెయ్యలేదు. వంగి తీసి, మడత విప్పకుండానే మళ్ళీ ఫైలులో పెట్టాడు. విప్పకుండానే అదేమిటో తెలిసిందంటే, అది అక్కడుందని పద్నాలుగు నెలలుగా తెలుసన్నమాట. తెలిసినదాన్ని తెలియనట్టు దాచుకోవడానికి మనసులో ఒక గది ఉండాలి. ఆ గదికి తలుపుండాలి. ఆ తలుపు దగ్గర ఎవడో ఒకడు కాపలా ఉండాలి. ఎవడు వాడు?

ఒరిన్ టాకెట్ పికప్ బండి ఇంజను ఆపేసి, ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా హాల్వర్సన్ అంత్యక్రియల భవనం. తెల్లరంగు, ఆకుపచ్చ గుడారం లాంటి చూరు, గడ్డి మీద తిరిగే నీటిగొట్టం. ఆగస్టు ఎండ పొద్దున తొమ్మిదికే అద్దంలోంచి మోకాళ్ళ మీద పడుతోంది. లోపల అన్న డెల్బర్ట్ ఉన్నాడు. ఆదివారం మధ్యాహ్నం బేస్‌బాల్ ఆట చూస్తూ చూస్తూ కుర్చీలోనే పోయాడు. ఎల్లుండి ఖననం. చెప్పాల్సిన నాలుగు మాటలూ ఒరినే చెప్పాలి, ఎందుకంటే ఈ ఊళ్ళో చర్చి లేనివాళ్ళకీ, చర్చితో పేచీ ఉన్నవాళ్ళకీ ఇప్పుడు అతనే పాస్టర్.

పాస్టర్! ఆ మాట తలుచుకున్నప్పుడల్లా అతనికి చనిపోయిన తన కుక్క గుర్తొస్తుంది.

నిరుడు ఏప్రిల్‌లో డెల్బర్ట్ ఫోన్ చేశాడు. "ఒరేయ్, నేనూ నడీనూ పెళ్ళి చేసుకుంటున్నాం. లూథరన్ చర్చి పాస్టర్ ఆరు వారాలు కౌన్సెలింగుకి రమ్మంటున్నాడు. అరవై ఎనిమిదేళ్ళు నాకు, తుంటి ఎముక కొత్తది, మిగతాదంతా పాతది. ఆరు వారాలు ఎక్కడినుంచి తేను? నువ్వు ఆన్‌లైన్‌లో పాస్టర్‌వి అయిపో. టైర్లు కొన్నంత తేలికట."

నిజంగానే అంత తేలిక. పేరు, ఊరు, ఒక గడిలో టిక్కు, ఒక మీట. నాలుగు నిమిషాలు. "అభినందనలు, రెవరెండ్ ఒరిన్ టాకెట్" అని తెర మీద వచ్చింది. ఒరిన్ ముప్ఫై ఒక్క ఏళ్ళు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసినవాడు. పెట్రోలు బంకులు, మాంసం దుకాణాల త్రాసులు, ధాన్యం లారీల కాటాలు అన్నీ పరీక్షించి సీలు వేసినవాడు. సున్నా దగ్గర నిలబడిన ముల్లుని ఎన్నడూ నమ్మలేదు, తెలిసిన బరువొకటి పెట్టి చూసేవాడు. ఆ రోజు కూడా అలాగే చూశాడు. పేరు గడిలో "బిస్కెట్ టాకెట్" అని కొట్టాడు. బిస్కెట్ అంటే ముందు చలికాలంలో చచ్చిపోయిన కుక్క. మూడు నిమిషాల తరవాత బిస్కెట్ కూడా రెవరెండ్ అయింది.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. కాఫీ దుకాణంలో మిగతావాళ్ళు తమ జోకులు తామే వేసుకున్నారు. "రెవరెండ్ వచ్చాడు, టోపీలు తియ్యండ్రా!" "నా పాపాలు ఎన్ని పౌన్లుంటాయో తూచి చెప్పు ఒరిన్, సీలు వేయించుకుంటా." అతను నవ్వేవాడు. కానీ వాళ్ళకి తెలియనిది అతనికి తెలుసు: తన హోదా బరువు పరీక్షించి చూశాడు, ముల్లు కదలలేదు.

ఆ తరవాత రెండు పెళ్ళిళ్ళు, మూడు చావులు చేయించాడు. ఒకటే ఫైలు. ముందువైపునుంచి పెళ్ళి మాటలు, తిరగేసి వెనకనుంచి చావు మాటలు. ఈ ఉదయం వెనకనుంచి తెరిస్తే ముందువైపు ఉండాల్సిన కాగితం జారి పడింది: డెల్బర్ట్, నడీన్‌ల పెళ్ళి లైసెన్సు. వధూవరుల సంతకాలున్నాయి. ఇద్దరు సాక్షులవీ ఉన్నాయి. పెళ్ళి చేయించినవాడి సంతకం లేదు. దాని పక్కన "హోదా" అన్న గడీ ఖాళీయే. సంతకం చేసి ముప్ఫై రోజుల్లో కౌంటీ ఆఫీసుకి పంపాల్సింది తను.

బండి అద్దం మీద ఎవరో కొట్టారు. అన్న కూతురు టామ్రా.

"బాబాయ్, లోపలికి రా. ఆవిడ అరగంట ముందే వచ్చి కూర్చుంది."

టామ్రా నడీన్‌ని పేరుతో పిలవదు.

*

హాల్వర్సన్ గది చల్లగా, పువ్వుల వాసనతో, ఏ శబ్దమూ గోడ దాటని విధంగా ఉంది. పొడవాటి బల్లకి ఒకవైపు నడీన్, ఎదురుగా టామ్రా. నడీన్ ఏభై రెండేళ్ళ మనిషి, అర్కాన్సా నుంచి వచ్చింది. డెల్బర్ట్ తుంటి ఆపరేషనప్పుడు ఇంటికి వచ్చి చూసుకునే ఆయాగా రెండు సూట్‌కేసులతో దిగింది. నాలుగు నెలలకి ఆయన పక్కన పూలగుత్తి పట్టుకుని నిలబడింది. ఇవాళ నీలం జాకెట్టు వేసుకుంది, దాని చేతులు కాస్త పొడుగు. ఒరిన్ కూర్చుంటూనే ఆ జాకెట్టు కొత్తదా పాతదా అని చూశాడు. ఎందుకు చూశాడో అతనికే తెలియదు. పాతదే.

"రెవరెండ్," అని హాల్వర్సన్ తల వంచాడు. సన్నటి మనిషి, ఎవరికైనా సరే ఇవ్వాల్సిన మర్యాద గ్రాము తక్కువ కాకుండా ఇస్తాడు. "మరణ ప్రకటన రెండు గంటలకల్లా పత్రికవాళ్ళకి పంపాలి. ఒక్క మాట దగ్గర ఆగాం."

"ఒక్క మాటే," అంది టామ్రా. "నేను నిన్న కౌంటీ ఆఫీసుకి ఫోన్ చేశా బాబాయ్. వీళ్ళు లైసెన్సు తీసుకున్నారట. అది తిరిగి రాలేదట. పెళ్ళి అయినట్టు నమోదే లేదట. కాబట్టి 'భార్య' అని వెయ్యడానికి వీల్లేదు. 'ప్రత్యేక స్నేహితురాలు' అని వెయ్యమంటున్నా. నలుగురికీ వేసేదే కదా, అందులో తప్పేముంది?"

ఆ మాట ఈ ప్రాంతపు పత్రికలో వారం వారం కనిపిస్తుంది. పెళ్ళి లేకుండా కలిసి బతికినవాళ్ళని మనవలూ మునిమనవలూ అందరి పేర్లూ అయిపోయాక చివర్న ఆ మాటతో కూర్చోబెడతారు. చదివేవాళ్ళు ఆ మాట దగ్గర కాఫీ కప్పు దించి ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటారు.

"నమోదు లేకపోవడమేంటి?" అంది నడీన్. గొంతులో కోపం కన్నా అయోమయం ఎక్కువగా ఉంది. "సర్టిఫికెట్ ఉంది. ముందు గదిలో గోడకి వేలాడేది. పొద్దున్నే తీసుకొచ్చా, కార్లో ఉంది. ఉండండి."

ఆమె లేచి వెళ్ళింది. ఒరిన్ ఫైలుని బల్ల మీద పెట్టబోయి, ఎందుకో ఒళ్ళోనే ఉంచుకున్నాడు.

నడీన్ సర్టిఫికెట్ చట్రాన్ని చేతుల్లో బాలింత బిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుని వచ్చింది. బంగారు అంచు, రెండు పావురాలు, తీగలు తిరిగిన అక్షరాల్లో ఇద్దరి పేర్లూ. కింద ఒరిన్ సంతకం, దాని కింద "రెవరెండ్". పాస్టర్ సరంజామాతో పాటు ఆ ఆన్‌లైన్ చర్చి నుంచి పోస్టులో వచ్చిన కాగితం అది. ఆ రోజు దాని మీద ఏమాత్రం ఆలోచించకుండా సంతకం పెట్టాడు. ఏ బరువూ లేని కాగితం మీద ఏ బరువూ లేని మాట.

హాల్వర్సన్ కళ్ళజోడు సరిచేసుకుని చాలాసేపు చూశాడు. చూడటానికి అంతసేపు అక్కర్లేదని అందరికీ తెలుసు.

"చాలా అందంగా ఉందమ్మా," అన్నాడు. "కానీ ఇది గోడకి పెట్టుకునేది. అసలుది కౌంటీవాళ్ళు ఇస్తారు. అంచు ఉండదు, పావురాలుండవు. చాలామంది పొరపాటు పడతారు, మీరొక్కరే కాదు."

"గోడకి పెట్టుకునేదా," అని నడీన్ తనలో తాను అనుకుంటున్నట్టుగా అంది. మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు తల ఎత్తింది. "డెల్బర్ట్ ఒక కవరిచ్చాడు కదా. ఆ రోజు, కేకు కోశాక. ఒరిన్, నీకే ఇచ్చాడు."

ముగ్గురూ అతని వైపు తిరిగారు.

మనసులోని కాపలావాడు లేచి నిలబడ్డాడు. "ఫైల్లో వెతకాలి," అన్నాడు ఒరిన్.

అది అబద్ధం కాదు. అబద్ధం కాకుండా జాగ్రత్తగా కోసిన ముక్క. మాంసం కొట్టువాళ్ళు త్రాసు పళ్ళెం కింద పలచటి మైనం ముద్ద అంటించేవాళ్ళు. వాళ్ళెవరూ నోటితో అబద్ధం చెప్పేవాళ్ళు కాదు. "చూసుకోండి సార్, త్రాసు మీ ఎదురుగానే ఉంది" అనేవాళ్ళు.

"రెండు గంటల లోపల," అన్నాడు హాల్వర్సన్. "ఖననం కాగితం మీద సంతకం కూడా భార్య అయితే భార్య, లేకపోతే కూతురు. ఎవరన్నది తేలితేనే నాకు పని జరుగుతుంది."

*

బయట నీడలో టామ్రా సిగరెట్ వెలిగించింది. తండ్రి దగ్గర ఇరవై ఏళ్ళు దాచిన అలవాటు. ఇప్పుడు దాచాల్సిన మనిషి లేడు.

"బాబాయ్."

"ఊఁ."

"ఫైల్లో వెతకాలన్నావు. ఫైలు నీ చంకలో ఉంది. తెరవలేదు."

ఒరిన్ ఫైలుని రెండో చంకలోకి మార్చుకున్నాడు. ఈ పిల్ల టాకెట్ వంశంలోనే పుట్టింది, సందేహం లేదు.

"నువ్వు కావాలనే పంపలేదు కదా?" ఆమె గొంతులో నింద లేదు, అదే అతన్ని ఎక్కువ ఇబ్బంది పెట్టింది. "నాకు మొదటినుంచీ తెలుసు, నువ్వు కూడా నాలాగే అనుకుంటున్నావని. ఆదివారాలు నువ్వు ఆవిడని చూసే చూపు చూశాను. క్రిస్మస్‌కి హామ్ మాంసం కోస్తుంటే ఆవిడ చేతిలో కత్తిని చూశావు, హామ్‌ని కాదు."

"నేనేం చూశానో నువ్వెక్కడ చూశావులే."

"సరే, చూడలేదు. ఒక్క మాట విను. నువ్వేం చెయ్యక్కర్లేదు. వెతకద్దు, అంతే. దొరకలేదంటే చాలు. నేను ఆవిడని రోడ్డు మీదికి గెంటను. కావాలంటే ఇల్లు ఉంచుకోమను. కానీ పేపర్లో మా అమ్మ పేరు 'ముందే పోయినవారు' అన్న వరుసలో, నాన్న చెల్లెలి మొగుడి పక్కన ఉంటుంది, ఆవిడ పేరు 'భార్య' అని అందరికన్నా పైన ఉంటుంది. పద్నాలుగు నెలలకి! అమ్మ నలభై ఒక్క ఏళ్ళు కాపురం చేసింది బాబాయ్."

ఆమె కళ్ళు తుడుచుకోలేదు. పొగ కళ్ళలోకి పోయినట్టు ముఖం పక్కకి తిప్పింది, అంతే.

"సమాధి రాయి మీద నాన్న పేరు అమ్మ పక్కన చెక్కి ఆరేళ్ళయింది. పుట్టిన సంవత్సరం కూడా ఉంది. పోయిన సంవత్సరమే ఖాళీ. ఆవిడ సంతకం పెడితే నాన్నని ఎక్కడ పెడుతుందో ఎవరికి తెలుసు? అర్కాన్సాకి తీసుకుపోయినా తీసుకుపోతుంది."

సిగరెట్ ఆర్పి, పీకని కాగితంలో చుట్టి బ్యాగులో వేసుకుని వెళ్ళిపోయింది. దాచే అలవాటు అంత తొందరగా పోదు.

ఒరిన్ బండెక్కాడు. కావాలనే పంపలేదు కదా? ఆ ప్రశ్నకి అతను సమాధానం చెప్పలేదు. చెప్పలేకపోయాడా, చెప్పనవసరం లేదని టామ్రా అనుకునేట్టు చేశాడా? పెళ్ళినాడు పెన్ను మూత తీశాడు. సంతకం పెట్టే చోటుకి రాగానే "హోదా" అన్న గడి కనిపించింది. బిస్కెట్ గుర్తొచ్చింది. ఇంటికెళ్ళి తీరిగ్గా పెడదాంలే అని మూత పెట్టాడు. ఇంతవరకు ఒక కథ. ఈ కథలో తప్పు కుక్కది. ఇంకో కథలో, మూత పెట్టేటప్పుడు తలెత్తి చూస్తే నడీన్ డెల్బర్ట్ గడ్డం మీది కేకు మరక తుడుస్తోంది. డెల్బర్ట్ చిన్నపిల్లాడిలా ముఖం అప్పగించాడు. "శరత్కాలం దాకా ఉండదు ఈ మనిషి," అని ఒరిన్ అనుకున్నాడు. ఈ రెండో కథ గుర్తుంచుకోవడం ఇష్టం లేక మొదటి కథ కట్టుకున్నాడా?

బండి రెండోవైపు తలుపు తెరుచుకుంది. నడీన్ చట్రంతో సహా ఎక్కి కూర్చుంది.

"రెండు నిమిషాలు కూర్చుంటా. లోపల ఆ చల్లదనానికి ఎముకలు పట్టేశాయి."

"కూర్చో."

ఆమె పావురాల వైపు చూస్తూ అంది, "పంపావు కదా ఒరిన్?"

"చూస్తాను."

"చూస్తాను అంటే మీ భాషలో లేదని అర్థం. డెల్బర్ట్ కూడా అంతే. పాత్రలు కడుగుతావా అంటే చూస్తాను అనేవాడు." కొంచెం నవ్వింది. "టామ్రా ఏమంటోంది, నేను ఆయన్ని అర్కాన్సాకి మోసుకుపోతాననా?"

అతను ఉలిక్కిపడ్డాడు. "విన్నావా?"

"వినక్కర్లేదు. నేనామె అయితే నేనూ అదే అనుకుంటా." ఆమె జాకెట్టు చెయ్యి వేళ్ళ మీదికి లాక్కుంది. "ఎక్కడికి తీసుకెళ్తాను? రాయి మీద పేరుంది. నెలకోసారి ఇద్దరం వెళ్ళి ఆ రాయి కడిగేవాళ్ళం. ఆయన వంగలేడు, నేను కడిగేదాన్ని, ఆయన ఎక్కడ మురికి మిగిలిందో కర్రతో చూపించేవాడు. టామ్రా వాళ్ళమ్మ ఆర్లిస్ పక్కనే పెట్టమని హాల్వర్సన్‌కి పొద్దున్నే చెప్పేశా. నాకు కావల్సింది ఆ సంతకం నేను పెట్టడం. ఎవరో స్నేహితురాలిగా వెనక వరుసలో కూర్చుని చూడటం కాదు."

ఒరిన్ స్టీరింగ్ మీద చేతులు పెట్టాడు. ఇది కూడా ఒక ఎత్తు కావచ్చు. మంచిమాట చెప్పి మెత్తబరచడం. కానీ హాల్వర్సన్‌ని అడిగితే నిమిషంలో తేలిపోయే మాటతో ఎవరైనా ఎత్తు వేస్తారా? తేలిపోతుందని తెలిసే వేశారేమో. అతని బుర్ర ఆ దారిన పోతూనే ఉంది, బరువు తీసేసినా ఊగే ముల్లులా.

"నీకో మాట చెప్పనా," అంది నడీన్. "కోప్పడద్దు. ఆదివారాలు నువ్వు బాత్రూమ్‌లోకి వెళ్ళి ఆయన మాత్రలు లెక్కపెట్టేవాడివి."

అతని చెవులు వేడెక్కాయి.

"ఆ అల్మారా తలుపు కిర్రుమంటుంది ఒరిన్. నువ్వు వెళ్ళగానే డెల్బర్ట్ టీవీ సౌండు తగ్గించేవాడు. కిర్రుమనగానే నన్ను మోచేత్తో పొడిచి 'అదిగో, తూస్తున్నాడు' అనేవాడు. 'ఒక ఏడాది తూచిగాని వాడు మనకి సీలు వెయ్యడు, ఉండు' అనేవాడు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చేది ఆయనకి."

"సీలు వెయ్యడు అన్నాడా? ఆ మాటే అన్నాడా?"

"ఆ మాటే. ఎందుకు?"

"ఏం లేదు."

సీలు. డెల్బర్ట్‌కి తెలుసా? కాగితం వెళ్ళలేదని తెలిసి కూడా అడగలేదా? లేక ఊరికే తమ్ముడి ఉద్యోగం మీద జోకా? ఇక తెలిసే దారి లేదు. చెప్పగలిగిన ఒక్క మనిషీ ఆ చల్లటి గది పక్కన పడుకుని ఉన్నాడు.

"నీకు కోపం రాలేదా?" అని అడిగాడు.

"ఎందుకు రాదు? మార్చిలో ఒకసారి రెండు మాత్రలు తీసి నా జేబులో వేసుకున్నా. ఏం చేస్తావో చూద్దామని. పోలీసుల్ని పిలుస్తావా, ఆయనకి చెబుతావా, నా మొహం మీదే అడుగుతావా అని." ఆమె భుజాలెగరేసింది. "నువ్వు బయటికొచ్చి చెర్రీ తీపిరొట్టె ఇంకో ముక్క వేయించుకున్నావు. సర్లే, లెక్క తప్పాడేమో అనుకున్నా. సాయంత్రం ఆయనకి ఇచ్చేశాలే, కంగారు పడకు."

ఆమె దిగిపోయింది. తలుపు మెల్లగా వేసింది. చట్రాన్ని మాత్రం సీటు మీదే మరచిపోయింది.

*

లెక్క తప్పలేదు. మార్చి రెండో ఆదివారం. నీలం డబ్బాలో పద్దెనిమిది ఉండాలి, పదహారున్నాయి. మూడుసార్లు లెక్కపెట్టాడు. అంతకుముందు నెలలన్నీ లెక్క సరిపోయేది, ఒక్కటీ తేడా లేకుండా. సరిపోయిన కొద్దీ అనుమానం పెరిగేది, ఎందుకంటే ప్రతి బరువు దగ్గరా వెంట్రుకవాసి తేడా లేని కాటా అంటే ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలిసి సర్దిన కాటా. ఆ రోజు రెండు తగ్గాయి.

ఆ రాత్రి తను ఎలా నిద్రపోయాడో ఒరిన్‌కి ఇప్పుడు స్పష్టంగా గుర్తొచ్చింది. హాయిగా, కలలు లేకుండా. అన్న మందులు తక్కువయ్యాయని తెలిసిన రాత్రి! ప్రాణభయమే అయితే ఆ గుమ్మంలోనే నిలదీసేవాడు కదా. చెర్రీ తీపిరొట్టె ఇంకో ముక్క అడిగాడు. అది రుచిగా కూడా ఉంది. అంటే అతనికి కావల్సింది అన్న క్షేమం కాదు. ఆమె తప్పు కావాలి. తప్పు దొరికితే కాగితం పంపకపోవడం ఒప్పవుతుంది. కాపలావాడికి జీతం ముట్టేది అక్కడినుంచి.

ఎన్నో కాటాలకి సీలు వేశాడు. ప్రతిదానికీ ముందు తన పెట్టెలోని బరువుల్ని రాజధానికి పంపి తూయించేవాడు, ఏటా, తప్పకుండా. పరీక్షించే బరువే తప్పైతే లోకంలో ఏ త్రాసూ నిలబడదు. రిటైరయ్యాక ఆ పని మానేశాడు.

గడియారం పదకొండున్నర చూపిస్తోంది. బండి తిప్పాడు.

*

కౌంటీ ఆఫీసు గుమస్తా ఓపల్ క్రెన్షా మెడలో గొలుసుతో వేలాడే కళ్ళజోడు పెట్టుకుని, కాగితాన్ని బల్ల మీద అరచేత్తో సాపు చేసింది.

"జూన్ ఎనిమిది. నిరుడు జూన్ ఎనిమిది! అయ్యబాబోయ్, మిస్టర్ టాకెట్, దీనికి నడక కూడా వచ్చేసి ఉంటుంది ఈపాటికి."

"ఇప్పుడు తీసుకుంటారా?"

"తీసుకోక ఏం చేస్తాం? ముప్ఫై రోజుల గడువు మీకు, వాళ్ళ పెళ్ళికి కాదు. పెళ్ళి ఆ రోజే అయిపోయింది." ఆమె కళ్ళజోడు పైనుంచి చూసింది. "అయింది కదా?"

డెల్బర్ట్ ముఖం అప్పగించాడు. ఆమె రుమాలు మడత మార్చి, శుభ్రంగా ఉన్న వైపుతో మళ్ళీ తుడిచింది. ఒరిన్ దాన్ని చూశాడు. ఆరడుగుల దూరంలోంచి, పెన్ను చేతిలో పట్టుకుని.

"అయింది," అన్నాడు.

"మీ అన్నగారే కదూ. పాపం, నా కారుకి చలికాలం టైర్లు ఆయనే వేసేవాడు. సంతకం ఇక్కడ. పక్కన హోదా. ఖాళీగా ఉంటే నేను ముట్టుకోను."

సంతకం పెట్టాడు. హోదా దగ్గర పెన్ను ఒక్క క్షణం ఆగింది. బిస్కెట్ తోక ఊపింది. ఊపనీ. ఆ కుక్క ఎవరికీ పెళ్ళి చెయ్యలేదు, తను చేశాడు. "పాస్టర్" అని రాశాడు.

"ఇంకొకటి." ఓపల్ సొరుగులోంచి పసుపుపచ్చ కాగితం తీసింది. "గడువు దాటినవాళ్ళు నింపాలి. 'ఆలస్యానికి కారణం', ఒక్క లైను చాలు. ప్రమాణం చేసి రాస్తున్నట్టు లెక్క, కింద ఇంకో సంతకం. ఇది కూడా దాంతోపాటు ఫైల్లో ఉంటుంది, ఎవరడిగినా చూడొచ్చు. అందరూ మర్చిపోయాను అనే రాస్తారు. పోయినసారి ఒకాయన మేక తినేసిందని రాశాడు, నిజమేనట."

ఒరిన్ నవ్వలేదు. కాగితాన్ని తనవైపు తిప్పుకున్నాడు.

ముప్ఫై ఒక్క ఏళ్ళలో తనిఖీ పుస్తకంలో ఒక్క తప్పు అంకె వెయ్యలేదు. ఒకసారి సొంత మామగారి మాంసం కొట్టు త్రాసుకి వాడకూడదన్న ఎర్రచీటీ అంటించి, మూడు క్రిస్మస్‌లు ఆ ఇంటి భోజనానికి దూరమయ్యాడు. నిజం ఏమిటో అతనికి తెలుసు. ఒక్క మాట: అనుమానించాను. ఆ మాట రాస్తే ఈ కాగితం నడీన్ పెళ్ళి కాగితం వెనకే కుట్టి ఉంటుంది. ఆవిడ ఎప్పుడైనా నకలు కోసం వస్తే ఓపల్ రెండూ కలిపి ఇస్తుంది. టామ్రా వచ్చి చూస్తుంది. ఎవరిని అనుమానించాడో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. అతను నిజాయితీపరుడై బయటికి నడుస్తాడు, ఆమె ఆ మాట కింద ఎప్పటికీ ఉంటుంది.

అందరూ రాసే ఆ రెండో మాట రాస్తే ఆమె వట్టి భార్య అవుతుంది, అతను వట్టి మతిమరుపు ముసలివాడవుతాడు. కాఫీ దుకాణంలో పదేళ్ళు నవ్వుకుంటారు. టామ్రా నమ్మదు, ఫైలు చంకలో ఉన్నప్పుడు చూసింది. కానీ నమ్మకపోయినా చూపించడానికి ఆమె దగ్గర కాగితం ఉండదు. ఇది నడీన్ కోసమేనా? తన తలుపు మీద ఇంకో తాళం వేసుకోవడం కాదు కదా? అది తేల్చడానికి అతని దగ్గర బరువు లేదు.

"పెన్ను రాయట్లేదా?" అంది ఓపల్.

"రాస్తోంది," అన్నాడు. వంగి, తనిఖీ పుస్తకంలో రాసే ఆ గుండ్రటి, నిదానమైన అక్షరాలతోనే, 'మరచిపోయాను' అని రాసి, చుక్క పెట్టాడు.